పదిహేడో ప్రశ్న

ఎనుమాముల యార్డు, మార్చి నెల.
తేజ బస్తాలు రెండు మనుషుల ఎత్తు.
నీడ కూడా ఘాటుగానే ఉంది.
ముక్కుకు దస్తీ కట్టుకుని
అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
ఇవాళ ఎనిమిది మంది కావాలి. మొత్తం మూడు వందలు.

నలభై నాలుగు వాక్యాలు, ఒక్కోదానికి ఐదు గళ్లు:
అస్సలు కాదు, కాదు, చెప్పలేను, అవును, ముమ్మాటికీ అవును.
వీటిని తెలుగు చేయడానికే ఆరు నెలలు పట్టింది.
"నలుగురిలో తిరిగే స్వభావం నాది" అని రాస్తే
మొదటి విడతలో ఒకామె కాగితం విసిరికొట్టింది,
"నేనెట్ల కనవడ్తున్న నీకు?"
అప్పటినుంచి అది "నాకు మనుషులంటే ఇష్టం" అయింది.
గైడ్ సార్ ఒప్పుకోలేదు, రెండూ ఒకటి కాదన్నారు.
నిజమే. రెండూ ఒకటి కాదు.

నూట ఇరవై ఆరో మనిషి.
పేరు అడగకూడదు. తనే చెప్పింది, ఉప్పలమ్మ.
ఊరు నెక్కొండ దిక్కు. వయసు "నువ్వే ఏసుకో."
పని, తాలు ఏరుడు.
నేను చదువుతుంటే ఆమె చేతులు ఆగవు,
ఎర్రది ఇటు, తెల్లబడ్డది అటు.

చిన్న విషయాలకే నాకు కోపం వస్తుంది.
"కోపమా? మా ఆయనది తేజ కాయ బిడ్డా,
సన్నగుంటడు, ముట్టుకుంటె మంట.
నాది చపాటా. సూడనీకి ఎర్రగ, బొద్దుగ,
కొరికితె ఏముండది.
మా పెద్దపిల్ల ఇంక పచ్చిగనే ఉన్నది,
ఏం కాయనో తెల్వది."
మూడో గడి కొట్టాను. చెప్పలేను.
చెప్పలేనిది ఆమె కాదు.

నాకు నిద్ర సరిగ్గా పట్టదు.
"సీజన్ల ఎవ్వలికి వడ్తది? రాత్రంత దగ్గుడే."
ఐదు.

పదిహేడో ప్రశ్న.
గత రెండు వారాల్లో మీకు ఏడుపు వచ్చిందా?

ఉప్పలమ్మ పక్కామెను చూసింది, పక్కామె ఇంకొకామెను.
కొంగుల చాటునుంచి నవ్వు బయల్దేరి
తుమ్ములతో కలిసి షెడ్డంతా తిరిగింది.
"గిదేం సవాలు! ఈడ ఏడ్వనోళ్లెవ్వలు?
దడువాయి ఏడుస్తడు, అడ్తి సేటు ఏడుస్తడు,
పాట అయినంక రైతు ఇంకోతీరుగ ఏడుస్తడు.
నీ కండ్లు సూస్కో పో."
సూస్కునే పనిలేదు.
చుక్క పడి గడి గీత అలుక్కుపోయింది.

మిర్చి వల్ల కాకుండా, అన్నాను.

నవ్వు ఆగింది. చేతులు ఆగలేదు.
"పోయినేడు మా సిన్నోడు పోయిండు.
ఇంట్ల ఏడిస్తె పెద్దపిల్ల బెదుర్తది.
వాడకట్టుల ఏడిస్తె, ఇంకెన్నొద్దులు అంటరు.
ఈడ ఎవ్వలడుగరు.
కూలి గూడ ఇస్తరు."

కలం ఏ గడి మీదా వాలలేదు.
ఆమె ఒక తాలు కాయ తీసి నా అట్ట మీద పెట్టింది.
"కాయ తప్పేం లేదు బిడ్డా.
కల్లంల ఎండేటప్పుడు ఒక్క వాన తాకింది, గంతే.
ఇగ దీనికి వేరే కుప్ప, వేరే ధర."
తర్వాతి ప్రశ్న అడగమంది. అడిగాను.

సాయంత్రం డిపార్ట్‌మెంటు కంప్యూటరు ముందు
నూట ఇరవై ఆరో వరుస, పదిహేడో గడి.
ఖాళీగా ఉంటే తొంభై తొమ్మిది కొట్టాలి,
జవాబు రాలేదని దాని అర్థం.
వచ్చింది కదా.

మర్నాడు సార్ అంకెలు చూసి కళ్లద్దాలు తీశారు.
యార్డు వాళ్లందరికీ ఈ ఒక్కటే ఎక్కువొచ్చింది,
కొలత చెడింది, పదిహేడు తీసేద్దాం,
పత్తి వైపు వెళ్లమ్మా, అక్కడ ఘాటుండదు అన్నారు.
సరే సార్.

అట్ట సందులో తాలు కాయ అలాగే ఉంది.
రాత్రి హాస్టల్లో దాన్ని విరిచాను, ఎందుకో.
గింజలు తెల్లగా, మామూలుగానే ఉన్నాయి.
ఆ చేత్తోనే కళ్లు నలుపుకున్నాను.
రూమ్మేటు పుస్తకంలోంచి తలెత్తి, ఏమైందే, అంది.
మిర్చి, అన్నాను.
ఇంకేం అడగలేదు.