కిందికి చూసే మనిషి

మర్రిగూడ తొవ్వల మా మూడెకరాల బత్తాయి.
మూడువందల ఇరవై ఆరు చెట్లు,
చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు.
ఎన్నయినయో మీరే కట్టుకోండి.
మా చిన్నాయిన సోమనర్సయ్య
పొద్దుగాల లేచి కట్టే లెక్క అదే.

ఆరు బోర్లు వేసినం.
ఐదింట్ల దుమ్మే లేచింది.
ఆరోది ఇంచుంబావు పోసిన నాడు
ఇంటిల్లిపాది ఆ బురదలనే తడిసినం గని,
ఇంచుంబావుకు మూడెకరాల దూప తీరదని
రెండో ఎండకాలం చెప్పింది.

అప్పుడంత కాలువ పారకమే.
రాత్రి రెండింటికి కరెంటొస్తే
పార భుజాన, బ్యాటరీ లైటు నోట్ల.
నడిమిట్ల నేల తాగేది, గరక తాగేది,
తెల్లారినంక ఎండ తాగేది.
ఆఖరు సాలు చెట్లు
పెండ్లిల ఆఖరు బంతికి కూసున్నోళ్ల లెక్క
ఉత్త ఇస్తార్లు ముందటేసుకొని చూసేటియి.

డ్రిప్పు వేద్దామంటే చిన్నాయిన నవ్విండు:
"చెట్లకు పోలియో చుక్కలేస్తవా బిడ్డా?"

సబ్సిడీ కాయితాలకు ఏడుసార్లు తిరిగినంక
నల్లటి పైపులొచ్చినయి.
మోటరేసి నిలవడితే చప్పుడే లేదు.
పారుతున్నయంటే నమ్మబుద్ధి కాలే.
మోకాళ్ల మీద కూసొని చూసిన:
ఒక చుక్క. ఆగి, ఇంకో చుక్క.
చెట్టు కింద తలెంత తడి.
అదే చాలట. వేరే ఎతుక్కుంట వస్తదట.

మూడో నెల్ల నలబై చెట్లు వాడిపోయినయి.
డ్రిప్పరిప్పితే లోపల తెల్లటి గార.
చిన్నాయిన గోటితోని గీకి
చానసేపు చూసి అన్నడు:
"గిది నాకెరుకైనదే."

ఎరుకే మరి.
చేతిపంపు నీళ్లు తాగి పెరిగిన మనిషి.
పన్నెండేండ్లకు పండ్లకు పట్టింది ఆ గార,
ముప్పైకి మెడ తిరగలే,
నలబైకి నడుము కొడవలయింది.
ఎదుటోని ముఖం చూడాలంటే
పక్కకు తిరిగి, కోడి చూసినట్టు, ఒంటికన్నుతోని చూస్తడు.

డ్రిప్పు కంపెనీ పిలగాడొచ్చి
పైపులల్ల ఆసిడ్ నీళ్లు ఇడిసిండు.
తెల్లారి కొనలిప్పితే
సున్నం కడిగిన నీళ్లు బుసబుస దుంకినయి.
కట్టె మీద గదుమ ఆనించి
చిన్నాయిన ఆఖరుదాక చూసిండు.
"పైపు నసీబు మంచిది" అన్నడు, అంతే.

మర్నాటి సంది ఆ పని ఆయనదే.
కూలికి మనిషిని పెడుదమంటే కోపమొచ్చింది.
"మీరు వంగాలె, లేవాలె, మల్ల వంగాలె.
నాకా తిప్పలెక్కడిది?
నేను ముందుగాల్నే వంగి తయారున్న."

సాలు వెంట సాలు, కట్టె మొనతోని
ఒక్కొక్క డ్రిప్పరును కదిలిచ్చుకుంట పోతడు.
ఏది కారుతున్నది, ఏది మొండికేసింది,
ఉడుత ఏడ కొరికింది, అన్నీ నోటికే.
ఉడుతలను కొట్టనియ్యడు.
దూపైతే ఎవరన్నా పైపు కొరుకుతరని
గట్టు మీద పగిలిన కుండపెంకుల నీళ్లు పోసిపెడతడు.
అయినా కొరుకుతయి. ఆయన అతుకేస్తడు.

నిరుడు పద్దెనిమిది టన్నులు దిగింది.
ఏపారి తరుగు కింద తన వంతు గుంజుకున్నడు.
మూడు అప్పులల్ల రెండు తెగినయి,
మూడోది ఇంక గుమ్మంల కూసొనే ఉన్నది.

ఒక్కటే బాధ.
ఏ చెట్టు ఎంత తాగిందో ఆయనకెరుక,
ఎంత కాసిందో కానరాదు.
మాపటీలి అడుగుతడు:
"పైన ఎట్లున్నది బిడ్డా, దండిగున్నదా?"
నేను కొమ్మ కొమ్మ చూసి చెప్తుంట,
పరీక్షల ఫలితం సదివినట్టు.

ఈసారి అడుగలే.
కాయ బరువుకు ఒక కొమ్మ
దానంతటదే దిగొచ్చి
ఆయన చెంపకు తాకింది.
కండ్లు మూసి వాసన చూసిండు.
చానసేపు ఏమన్లే.

తర్వాత కట్టెతోని కింద పొడిచి,
"పదకొండో సాలుల ఐదోది కారుతలేదు,
పిన్నీసు తే" అన్నడు.