నాలుగింటికి, ప్లాంటు కాడ

తెల్లారి నాలుగింటికి మోటరు ఆన్ చేసి
మొదటి క్యాను నిండేదాక ప్రార్థన చేస్త.
ఇరవై లీటర్లు. నాలుగు నిమిషాలు.
దేవునికి నేనిచ్చేది గంతే,
చండూరు ట్రాలీ ఆటో ఐదింటికి వస్తది.

కండ్లు మూస్తే నీళ్లు పొర్లిపోతయి,
అందుకే తెరిచే ఉంచుత.
పాస్టరయ్యకు చెప్తే నవ్విండు,
"కాపలాగాళ్లు ఎప్పుడన్న కండ్లు మూస్తరా, రూబేనూ" అన్నడు.

రూబేను చర్చిల పేరు.
ఆధార్ల, రేషన్ కార్డుల, ప్లాంటు జీతం రిజిస్టర్ల
నేను మైసయ్యను.
ఒక్కోసారి అడుగుత: తండ్రీ,
నన్ను నువ్వు ఏ పేరుతోటి పిలుస్తవ్?
పిలిస్తే మెల్లగ పిలువు,
ఆఫీసులల్ల వినవడకుంట.

మనసు నిలవదు, అబద్ధమెందుకు.
అప్పులోళ్లను మాఫు చేసే మాట కాడికి వచ్చేసరికి
జంగయ్య టిఫిన్ సెంటరు
పన్నెండు క్యాన్ల బాకీ యాదికొస్తది.
జంగయ్యను నేనింకా మాఫు చెయ్యలే.
ఆ మాట దాటి పోలేక
మళ్ల మొదటికొస్త.

చిన్నప్పుడు నేర్చిన ప్రార్థన ఇస్త్రీ చేసినట్టుండేది:
మహోన్నతుడవైన మా ప్రియ పరలోకపు తండ్రీ,
నీ దివ్య సన్నిధానమందు...
ఆ మాటలు నోట్ల పెట్టుకుంటే
ఎవరిదో కోటు తొడిగినట్టు,
భుజాల కాడ వదులు, చంకల కాడ బిగువు.
మా వాడల ఎవ్వరూ "గాక" అనరు.
బర్రె తప్పిపోతే, బిడ్డకు జరమొస్తే
"గాక" అని ఎవరేడుస్తరు?

తబితమ్మ అనకపోయేది.
చర్చికి గంట కొట్టేది ఆమెనే.
గంట కాదు, రైలు పట్టా తునక, యాపకొమ్మకు కట్టింది.
బోరు నీళ్లు తాగి తాగి
నలభై ఏండ్లకే మోకాళ్లు కర్రలైనయి.
మెడ తిరగదు.
వెనకనుంచి పిలిస్తే మనిషంతా తిరగాలె.
మోకరిద్దాం అనంగనే అందరం చాపల మీదికి దిగితే
ఆమె ఒక్కతే గోడకు వీపు ఆనిచ్చి నిలవడేది.
కొత్తగ వచ్చిన పాస్టరు ఒక ఆదివారం
ఆమెను చూసి ఆగిండు, ఏదో అనబోయిండు.
"వంగితే మళ్ల లేవ, అయ్యగారూ.
ఆయనకెరుకే" అన్నది.

నేను పక్కన మోకరించి చెవి పెట్టేది.
"అయ్యా, ఎట్లున్నవ్?" అని మొదలువెట్టేది.
నిజంగనే అడిగేది. జవాబుకు ఆగేది.
తర్వాత ఊరి ముచ్చట్లు.
కాలువ కోసం రాళ్లు పాతిపోయిండ్రు, కాలువ రాలే.
సాయిలు వడ్లు కాంటా కాడ తడిసినయి.
కోడిపిల్లలు ఏడైతే గద్ద ఒకటి ఎత్తుకపోయింది,
దానికీ పిల్లలుంటయి తీ.
కాళ్ల సంగతి ఎన్నడూ ఎత్తలే.
ఒక్కసారి తప్ప. ఆ దినం కోపంల ఉంది:
"నీళ్లను ద్రాక్షరసం చేసినవంటరు గదా,
ఈ నీళ్లను నీళ్లు చెయ్యి, సాలు."

ఆమె పోయిన రెండేండ్లకు ప్లాంటు వచ్చింది.
ప్రార్థనకు జవాబని సాక్ష్యం చెప్పమన్నరు.
మైకు పట్టుకొని లేచిన గని
ఆ రెండేండ్లను ఏ మాట కింద దాయాల్నో తెల్వలే.
దగ్గొచ్చినట్టు చేసి కూసున్న.

ఇప్పుడు అడిగేది తక్కువ.
"అయ్యా, ఎట్లున్నవ్" అంట, సిగ్గుపడుకుంట.
ఆగుత.
మోటరు రొద. గొట్టంల గాలి బుడగ.
ఒక లీటరు మంచి నీళ్లకు
ఇంకో లీటరు చేదు నీళ్లు వెనక మోరీలకు పోతుంటయి.
అవి ఎవరి బోరుల దిగుతయో నాకు తెల్వది.
అదీ చెప్త, ఆయనకు తెల్వదన్నట్టు.

ఈ మధ్య నా మోకాళ్లు కూడ
పొద్దుగాల బిర్రుగ ఉంటున్నయి.
ఎవ్వరికీ చూపెట్టలే.
క్యాను అంచుదాక వస్తది.
ఆమేన్ అనేకంటె ముందు మూత పెట్టాలె.
మూత పెట్టినంక ఆమేన్ యాది మరుస్త,
రెండో క్యాను కింద పెడ్త.