పదమూడో భాగం

ముసఫ్ఫా క్యాంపు, రెండొందల పద్నాలుగో రూము.
ఏసీ కింద బకెట్లో చుక్క, చుక్క.
పై మంచం ఇనప కడ్డీకి కట్టిన ఫోన్లో
ఒక అంతరిక్ష నౌక పోతూనే ఉంది.
రాత్రికొక భాగం, అంతే.

కొత్తగా దిగిన ఎల్లేశం
మొదటిసారి చూస్తున్నాడు.
మేం వాణ్ణి చూస్తున్నాం.

"ఆ డాక్టరమ్మ మంచిదేనా అన్నా?"
నర్సింగం నోట్లో ఖుబ్బూస్ కుక్కుకున్నాడు
జవాబు జారిపోకుండా.
వీర్రాజు మాత్రం ఆగలేడు:
"ఆ ఎర్ర మీట గుర్తెట్టుకో అబ్బాయ్, తొమ్మిదో దాంట్లో..."
మూడు దిండ్లు ఒకేసారి తగిలాయి.

కెప్టెన్ ఆ తలుపు తీయాలా వద్దా అని
మూడేళ్లుగా మాకు కొట్లాట.
స్లాబు పోస్తూ కూడా అదే గొడవ.
జీతాల గురించేమోనని
ఫోర్‌మన్ ఒకసారి పరిగెత్తుకొచ్చాడు.

ఎల్లేశానికి ఒక్కటే చెప్పలేదు.
పదమూడుతో ఆపేశారు. క్యాన్సిల్.
ఆ మాటకి మాకు అర్థం చెప్పక్కర్లేదు,
మొన్న వీర్రాజు వీసాకి పడింది అదే.
బుధవారం వాడి ఫ్లైటు.

ఇవాళ పదమూడోది.
తలుపు సగం తెరుచుకుంది.
అవతలి వెలుగు
ఎల్లేశం చెంపల మీదికి, నోరు తెరిచిన పళ్ల మీదికి.
తెర నల్లబడింది.

వాడు ఫోన్ ఊపాడు.
రూటరు వైపు చూశాడు.
"నెట్ పోయిందా అన్నా?"

బకెట్లో చుక్క.

సగం సర్దిన సూట్‌కేసు మీద కూర్చుని
వీర్రాజే అన్నాడు:
"అవును అబ్బాయ్.
వస్తదిలే. పడుకో."