గెలాక్సీ పలక

రెండేళ్లు ఒంటిగా ఏలాను.
నూట పద్నాలుగు గ్రహాలు, ఓ పాత కంప్యూటరు,
నైట్‌డ్యూటీ లేని రాత్రుళ్లన్నీ.
నేను ఆపితే శత్రువూ ఆగేవాడు,
టీ తాగొచ్చేదాకా
పేలబోయే ఓడను అట్నే పట్టుకుని నిలబడేవాడు.
ఓడిపోయినా వాడికి మొహం మాడదు.

చీమకుర్తిలో కరెంటు పోయిన రాత్రి
పాలిషింగ్ షెడ్డులో మూల విరిగిన గెలాక్సీ పలక.
టార్చి పడగానే
నల్లరాతిలో బంగారు చుక్కలు లేచాయి.
సుభాని రెండు నట్లు పెట్టి "ఇవి నా ఓడలు" అన్నాడు.
సలోమి సుద్దముక్కతో సరిహద్దు గీసింది.
మాలకొండయ్య బీడీ ముట్టించి
"నాకు ఓడలొద్దులే, దారి సుంకం చాలు" అన్నాడు.

తెల్లారేసరికి నాకు మూడు చుక్కలు మిగిలాయి.
సంధి చేసుకున్న సలోమే వెనకనుంచి కొట్టింది.
"ఏందమ్మే, మాటిచ్చావు గదా?"
"నువ్వు నమ్మావు గదా" అంది,
నవ్వను కూడా నవ్వలేదు.

సోమవారం ఆ పలకను లారీకెత్తారు.
ఏ ఊళ్లో ఎవరింటి వంటగట్టు అయిందో,
నా రాజధాని మీద ఎవరు ఉల్లిపాయలు తరుగుతున్నారో.

ఇంకోటి చూసిపెట్టాం, నీళ్ల డ్రమ్ము వెనక.
ఈసారి సుంకాలు నావంటే
మాలకొండయ్య ఒప్పుకోడంలేదు.