గాలి వాటా

లూనెన్‌బర్గ్‌లో ఆ రాత్రి
గాలి సముద్రం మీంచి రాలేదు,
సముద్రాన్నే వెంటేసుకొచ్చింది.
తెల్లారి చూస్తే నా నీలం కారు మీద
ఎల్వుడ్ కార్కమ్ పడవ
గుడ్లు పొదిగే కోడిలా కూర్చునుంది.

తొమ్మిదేళ్లుగా చెక్కుతున్నాడు దాన్ని.
నీళ్లు తాకని పడవ.
మొదటి ప్రయాణం కంచె మీంచి
నా డ్రైవర్ సీటు దాకా.

నలుగురు పట్టి పడవని దింపాక
బీమా కుర్రాడొచ్చాడు.
బూట్లకి బురదంటకుండా నడవడం బాగా వచ్చు అతనికి.
గాజు పెంకుల్నీ సొట్టనీ ఫోటోలు తీసి అడిగాడు:
"కట్టుతాడు పాడైందని ఆయనకి తెలుసా?
తెలిసీ ఊరుకుంటే తప్పు ఆయనది.
తెలియకపోతే గాలిది.
గాలి మీద దావా వెయ్యలేం.
మీ పాలసీలోంచే ఇస్తాం, మొదటి ఐదొందల డాలర్లు మీరే పెట్టుకోవాలి.
ఎప్పుడైనా హెచ్చరించారా, కాగితం మీద?"

కాగితం ఉంది.
కారులోనే, మూత బిగుసుకుపోయిన గ్లవ్ బాక్సులో,
నాలుగు మడతల్లో:
'ఎల్వుడ్, నీ పడవ తాడు పీచు తేలింది.
తుపాను రోజులు. చూసుకో. వెర్నా.'
ఆగస్టులో రాశాను.
ఇద్దామని కంచె దాకా వెళ్తే
బకెట్టు నిండా కానాగంతలు నా చేతిలో పెట్టాడు.
ఇంకా కొట్టుకుంటున్నాయి.
చేపలందుకున్న చేత్తో ఫిర్యాదెలా ఇస్తాం?
ఆ సాయంత్రం వేయించుకు తిన్నాను.
రుచిగానే ఉన్నాయి, అదే ఇబ్బంది.

కుర్రాడు పెన్ను పట్టుకొని చూస్తున్నాడు.
చెప్పలేదండీ ఎప్పుడూ, అన్నాను.
అబద్ధం కాదది.
'దైవఘటన' అని గడి నింపాడు.
పాపం దేవుడు,
ఎవరి తాడు ఎవరు చూసుకోకపోయినా
వేలిముద్ర ఆయనదే.

కుర్రాడు వెళ్లాక ఎల్వుడ్ కంచె దగ్గరికొచ్చాడు.
"ఏమన్నాడు?"
"గాలిదేనన్నాడు."
కుడి చెయ్యి కోటు జేబులోంచి తియ్యలేదు.
జేబు అంచున తాడు కొస,
చివికి, ఎలుక తోకలా.
నేను చూశానని అతను చూశాడు.
ఇద్దరం పెట్రోలు ధర గురించి మాట్లాడుకున్నాం.

రాత్రి లెక్కేసుకున్నాను,
తాడు వాటా ఎంత, చీటీ వాటా ఎంత,
చేపలది ఎంత.
తిలాపాపం తలా పిడికెడు అంటారు గాని
పిడికిళ్లన్నీ ఒక సైజువి కావు.
ఐదొందలు మాత్రం సరిగ్గా ఐదొందలే.

తెల్లవారుజామున మళ్లీ వాన.
లేచి చూస్తే
పైకప్పు కుంగిన నా కారు మీద తెరచాప గుడ్డ.
చుట్టూ కొత్త తాడు, పసుపు రంగుది,
ధర చీటీ ఇంకా వేలాడుతోంది.
బంపరుకీ, చక్రాలకీ,
ఎటూ ఎగరలేని నా పోస్టు డబ్బా స్తంభానికీ
ముడి మీద ముడి.
విప్పాలంటే కత్తి కావాలి.
నా కత్తి
పోయిన చలికాలం నుంచీ
ఎల్వుడ్ దగ్గరే ఉంది.