నాలుకా, గాడీ

బల్లారట్‌లో జూలై శనివారం,
గడ్డి మీద మంచు ఉప్పులా గట్టిపడిన పొద్దున
చెక్కల షాపుకి వెళ్లాం.
డార్సీ అనే పెద్దాయన, చెవి వెనక పెన్సిల్,
ఒక్కో పలకనూ పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి చూపించాడు.
జారా, ఆరబోసిన పండుమిరపకాయల ఎరుపు.
స్పాటెడ్ గమ్, మరిగిపోయిన టీ రంగు, మధ్యలో పొగచారలు.
బ్లాక్‌బట్, పేరుకే నలుపు, ఒళ్లంతా గోధుమపిండి.
నా మనసు జారా మీద పడింది.
మా ఇంట్లో కాఫీ కప్పులు కూడా ఎరుపే.

ఆయన గట్టిదనం అంకెలు చెప్తున్నాడు,
ఏ చెక్కలో ఇనప గుండు సగం దిగాలంటే ఎంత బలం కావాలో,
చదరపు మీటరు ఎంతో,
ఎన్నిసార్లు చిత్రిక పట్టించుకోవచ్చో.
నేను తలూపుతున్నాను. నీలాద్రి వినడం లేదు.
వినడు. పుట్టినప్పటినుంచీ వినడు.
బూట్లు విప్పాడు. మేజోళ్లు విప్పి జేబులో కుక్కుకున్నాడు.
నమూనాకి పరిచిన కాస్తంత నేల మీద నిలబడి
నన్ను అటు చివరికి పొమ్మన్నాడు.
గెంతు, అన్నాడు వేళ్లతో.

చెవిటివాడి ముందు శంఖమూదినట్టు, అంటారు మనవాళ్లు.
అన్నవాళ్లెవరూ
ఆ శంఖాన్ని నేలకి ఆనించి ఊది చూసినట్టు లేదు.

చలికోటుతో, హ్యాండ్‌బ్యాగ్‌తో, నలభై ఆరేళ్ల వయసుతో
గెంతాను.
జారా మీద. తల అడ్డంగా ఊపాడు.
లామినేట్ మీద. నీళ్ల మజ్జిగ తాగినవాడి మొహం పెట్టాడు.
పెయింటు డబ్బాల దగ్గర ఒకావిడ
తన పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది.
డార్సీకి మాత్రం అర్థమైంది. అంకెలు ఆపేశాడు.
వెనకనుంచి వేరే పలకలు మోసుకొచ్చి
రెండు దూలం ముక్కల మీద పరిచి
తనే బూటు మడమతో ఒక్కటి కొట్టాడు.

నీలాద్రి కళ్లు మూసుకున్నాడు.
కళ్లు మూయడమంటే అతనికి తలుపేసుకోవడం.
నమ్మకం కుదిరితే గాని మూయడు.

మెస్‌మేట్ అట దాని పేరు.
అంటే కూడా కూర్చుని తినేవాడు, ఒకే పంక్తివాడు.
చెట్టుకి ఇంత చుట్టరికం కట్టినవాడెవడో!
ఎరుపు కాదు. తేనె రంగూ కాదు. తవుడు.
బంక కారిన గీతలు, పురుగు నడిచిన దారులు
అన్నీ కలిపే ధర.
"సిమెంటు మీద జిగురుతో అంటిస్తే ఏ చెక్కైనా మూగదే,"
అన్నాడు డార్సీ, నీలాద్రి వైపు తిరిగి,
పెదవులు కనబడేలా, నెమ్మదిగా.
"మీ ఇల్లు గుంజల మీద కదా, కింద గాలి ఉంది.
దూలాలకే మేకులు కొట్టించండి. మాట్లాడుతుంది."

పన్నెండు రోజులు హాల్లో పేర్చి ఉంచాం.
చెక్కకి ఇంటి గాలి అలవాటవ్వాలట,
తొందరపడితే తర్వాత అలుగుతుందట.
ఆ దొంతర మీదే కూర్చుని అన్నాలు తిన్నాం.
పలక నాలుక పక్క పలక గాడిలోకి
సుత్తి దెబ్బలకి దిగుతుంటే
నీలాద్రి మోకాళ్ల మీద వంగి, అరచేయి పరిచి,
ఒక్కో దెబ్బా ఎంతదాకా పోతుందో చూసుకున్నాడు.

పదిహేడేళ్ల కాపురంలో అతన్ని పిలవడమంటే
లైటు ఆర్పి వెలిగించడం, దిండు విసరడం,
లేదా లేచి వెళ్లి భుజం తట్టడం.
ఇప్పుడు వంటింట్లోంచి మడమతో రెండు దరువులు.
మూడంటే కోపం.
నాలుగింటికి ఇంకా అర్థం పెట్టుకోలేదు.

మొన్న అప్పడాల కర్ర జారిపడి
కొత్త నేల మీద గోరంత సొట్ట.
నేను అయ్యో అనేలోపే వెనక గదిలోంచి పరుగున వచ్చాడు,
ఏం పడింది, నువ్వేనా, అని
రెండు చేతులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ అడుగుతుంటే.
చిత్రిక పడితే పోతుంది. పట్టించలేదు.

ఒక్కటే నష్టం.
ఇన్నేళ్లూ అర్ధరాత్రి ఫ్రిజ్ దగ్గరికి
దర్జాగా, గిన్నెలు మోగించుకుంటూ వెళ్లేదాన్ని.
ఇప్పుడు మునివేళ్ల మీద వెళ్లినా
మంచం కోళ్లకి కబురు ముందే అందుతోంది.
డబ్బా మూత తీసి వెనక్కి తిరిగితే
గుమ్మంలో నిద్రకళ్లతో,
చేయి చాపి.