చెడిపోయినవి: రెండువందల పన్నెండు

ఏడు క్లిక్కులను ఒక్కటి చేశాం.
ఎమాయిగి నది గడ్డకట్టకముందు మొదలుపెట్టి
గడ్డకట్టాక ముగించాం.
ఫోల్డర్లు తీసేశాం. ఎవరిక్కావాలి,
అటకమీది ట్రంకుపెట్టెల్లా?
ఇప్పుడంతా ఒకటే ప్రవాహం, వేలితో తోస్తే
పదేళ్లు జర్రున జారిపోతాయి.
చెత్తబుట్ట బొమ్మ కోసం తావెట్‌తో నాలుగు రోజులు పోట్లాట:
మూత ఉండాలా, వద్దా.
మూతే గెలిచింది.

పరీక్షకి వచ్చినాయన పేరు హెల్దుర్.
పేయిప్సి సరస్సు మీద ఫెర్రీలకు
ఇంజన్లు బాగుచేసిన చేతులు.
కాయలు కాసిన ఆ వేలిని మా తెర
మూడోసారికి గానీ ఒప్పుకోలేదు.
ఫోటోలు నలభై ఒక్క వేలు.
"మనసులో ఏమనుకుంటే అది పైకి అనండి" అన్నాను,
అందరితో అన్నట్టే.
ఆయన ఏమీ అనలేదు.

మా ప్రోగ్రాం తెలివైంది. అడక్కుండానే
మసకబారినవీ, వంకరపోయినవీ, వేలు అడ్డొచ్చినవీ
బియ్యంలో రాళ్లలా ఏరి పక్కన పోసింది.
పైన పేరు: చెడిపోయినవి.
కింద నీలం బటన్: అన్నీ తీసెయ్.
నేను గీసిందే. ఆ గుండ్రటి అంచులకి
ఒక ఆదివారం ఖర్చయింది.

ఆయన ఒకటి తెరిచాడు.
రేవు, మంచు, పొగచేప కొరుకుతూ తను.
ఎడమ మూల ఎర్రగా, పొద్దుగూకినట్టు, ఓ బొటనవేలు.
ఇంకోటి తెరిచాడు. ఉల్లి మడులు.
ఎడమ మూల అదే వేలు.
"వీవె," అన్నాడు.

మనుషుల వరసలో ఆమె ముఖం కోసం వెతికాను.
లేదు. ఎప్పుడూ తీసేది ఆమేనట.
నలభై ఒక్క వేలలో ఆమె మిగిలింది
ఈ గుట్టలోనే,
గోరంత.

నాలో ఏదో కరిగింది, ఒప్పుకుంటాను.
"చెడిపోయినవి" కొట్టేసి
"దాచుకోవలసినవి" అని రాసుకున్నాను నోట్‌బుక్‌లో.
అది చూసి నవ్వాడు.
"ఎందుకమ్మా? చచ్చిపోలేదు. ప్యార్నులో
పళ్ల డాక్టరుతో హాయిగా ఉంది. మూడు చలికాలాలైంది.
నేనొచ్చింది తీసెయ్యడం నేర్చుకుందామనే."

నీలం బటన్ చూపించాను.
తల అడ్డంగా ఊపాడు.
"అలా కాదు. ఒక్కొక్కటీ.
ప్రతిదానికీ అడగాలి, నిజంగానేనా అని.
పాతదాంట్లో అడిగేది."

అడిగేది.
ఆ ప్రశ్ననే మేం విసుగనీ, దారికడ్డమనీ
మొదటి వారమే పీకి పారేశాం.

సాయంత్రం తావెట్ వచ్చి, ఏం తేలింది, అన్నాడు.
"ఒకాయన బటన్ నొక్కలేదు."
"రంగు మార్చి చూద్దామా?"

కిటికీ అవతల, నది మీద ఎవరో
మంచు ఎంత మందమో మడమతో తన్ని చూసుకుంటూ
ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు,
అవతలి ఒడ్డుకి పోతున్నారు.
వంతెన పక్కనే ఉంది.